నీళ్లు ఎవరివి? ఫ్లోరా ఫౌంటెన్ నుంచి మహద్ చెరువు దాకా



ముంబయి ఫోర్ట్ ప్రాంతంలో "ఫౌంటెన్ ఎక్కడ?" అని ఎవరినడిగినా దారి చూపిస్తారు. 1864లో కట్టిన ఫ్లోరా ఫౌంటెన్ అది. పాత కోటకు చర్చ్ గేట్ ఉండిన చోట నిలబెట్టారు. నమూనా గీసింది నార్మన్ షా, చెక్కింది జేమ్స్ ఫోర్సైత్. ఇద్దరూ బ్రిటన్ వాళ్లే. రాయి పోర్ట్‌లాండ్ నుంచి వచ్చింది. పైన నిలబడ్డ ఫ్లోరా రోమన్ల పూల దేవత. మొదట గవర్నర్ బార్టల్ ఫ్రేర్ పేరు పెట్టాలనుకున్నారు.

అందరూ చూసే చోట, అందరి కోసం కట్టారన్నారు. ఆ "అందరూ" ఎవరు?

అదే ప్రెసిడెన్సీలో అంటరానివాళ్లు ఊరి బావి మీద చెయ్యి వేయలేరు. అలంకారానికి నీళ్లున్నాయి, దాహానికి లేవు. ఫౌంటెన్ కట్టిన నాలుగేళ్లకు, 1868లో, పుణెలో జోతిరావు ఫూలే తన ఇంటి నీళ్ల తొట్టిని అంటరానివాళ్లకు తెరిచాడు. దానికి శిల్పం లేదు, శిలాఫలకం లేదు. నా లెక్కలో ఆ కాలపు అసలు పబ్లిక్ ఫౌంటెన్ అదే.

1923లో ఎస్.కె. బోలే తీర్మానాన్ని బొంబాయి శాసనమండలి ఆమోదించింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు అందరివీ అన్నది. మహద్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద హక్కు వచ్చింది, చెరువు దగ్గరికి మాత్రం రానివ్వలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచి చౌదార్ చెరువు నీళ్లు తాగారు. మన వాళ్లను కొట్టారు. తర్వాత చెరువును పేడతో, గోమూత్రంతో "శుద్ధి" చేశారు. కోర్టుకెక్కారు. హైకోర్టులో మన హక్కు నిలబడేసరికి 1937 వచ్చింది.

మళ్లీ ఫౌంటెన్ దగ్గరికి వద్దాం. 1955 నవంబర్ 21న ముంబయితో కూడిన మహారాష్ట్ర కావాలని అక్కడికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమం మొత్తంలో నూరుమందికి పైగా చనిపోయారు. దానికి గొంతునిచ్చిన షాహిర్లలో మాంగ్ కులంలో పుట్టిన అన్నాభావు సాఠే ఒకరు. ఇప్పుడా కూడలి పేరు హుతాత్మా చౌక్. దేవత పక్కనే కాగడా పట్టుకున్న రైతు, కార్మికుడు నిలబడ్డారు. గవర్నర్ల కాలంలో కట్టిన చోటు జనం వచ్చి నిలబడ్డాకే జనానిదైంది. మహద్ చెరువు కూడా అంతే, మన చేతులు తగిలాకే పబ్లిక్ చెరువైంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊరి సర్కిల్లో ఫౌంటెన్ ఏ సంవత్సరం కట్టారో రాసుకోండి. మీ ఊరి దళితవాడకు మొదటి నల్లా ఏ సంవత్సరం వచ్చిందో పెద్దలనడిగి దాని పక్కన రాయండి. ఆ రెండు అంకెల మధ్య ఉన్నదే మీ ఊరి చరిత్ర.

జై భీమ్.