జోహ్రా సెహగల్ ఎవరింటి బిడ్డ?

ముస్లిం ఆడపిల్ల స్టేజీ ఎక్కిందంటే మనవాళ్లకు ఒకటే కథ. పరదా చించుకుని బయటపడింది అంటారు. జోహ్రా సెహగల్ గురించీ ఈ మాటే వింటుంటాం. 102 ఏళ్లు బతికి, నాట్యం, నాటకం, టీవీ, సినిమా అన్నిట్లో తన ముద్ర వేసిన మనిషిని బుర్ఖా తీసెయ్యడం దగ్గరే ఆపేస్తారు.

ఆ పరదా వెనక ఏముందో చూద్దాం. 1912లో సహరన్‌పూర్‌లో రోహిల్లా పఠాన్ల ఇంట పుట్టింది. అమ్మ చిన్నప్పుడే పోయింది. బిడ్డ చదువుకోవాలన్న ఆ తల్లి కోరిక ప్రకారమే లాహోర్ క్వీన్ మేరీ కాలేజీకి పంపారు. అక్కడ పరదా ఉంది, చదువూ ఉంది. తర్వాత మేనమామ కారులో ఇరాన్, పాలస్తీనాల మీదుగా యూరప్‌కు బయల్దేరదీశాడు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మేరీ విగ్‌మాన్ దగ్గర ఆధునిక నృత్యం నేర్చుకుంది. ఆ రోజుల్లో ఆడపిల్లను నాట్యం నేర్చుకోవడానికి అంత దూరం పంపిన ఇళ్లు ఎన్ని? పంపింది ఒక ముస్లిం ఇల్లే కదా! ఆ ఇంటిని చరిత్రలోంచి ఎందుకు తీసేస్తారు?

1935లో ఉదయ్‌శంకర్ బృందంలో చేరి దేశదేశాలు తిరిగింది. అల్మోరాలో ఆయన కేంద్రంలో పాఠాలు చెప్పింది. తనకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడైన కామేశ్వర్ సెహగల్‌ను 1942లో పెళ్లాడింది. ఇద్దరూ లాహోర్‌లో నాట్య పాఠశాల పెట్టారు. మత ఉద్రిక్తతలు ముదరడంతో బొంబాయి చేరారు.

1945 నుంచి పద్నాలుగేళ్లు పృథ్వీ థియేటర్. అక్కడ చెల్లెలు ఉజ్రా హీరోయిన్. జోహ్రా నాట్యం నేర్పేది, దొరికిన వేషం వేసేది. దేశం చీలిపోతున్న ఆ కాలంలో 'దీవార్', 'పఠాన్' నాటకాలతో ఆ బృందం ఊరూరా తిరిగింది.

1959లో భర్త పోయాడు. ఇద్దరు పిల్లలు. 1962లో లండన్ వెళ్లింది. అంత అనుభవమున్న నటి అక్కడి థియేటర్‌లో నటులకు దుస్తులు తొడిగే పనీ చేసింది. టీవీలో పెద్ద గుర్తింపు 1984లో 'ద జువెల్ ఇన్ ద క్రౌన్'లో లేడీ ఛటర్జీగా వచ్చింది. అప్పటికి ఆమె వయసు 72. ఆ వెంటనే 'తందూరీ నైట్స్'లో నవ్వించింది. 1990లలో ఇక్కడికి తిరిగొచ్చాక హిందీ సినిమాల్లో అల్లరి నాయనమ్మ అంటే ఆమే.

ఉజ్రా 1964లో పాకిస్తాన్ వెళ్లిపోయింది. 1993లో లాహోర్‌లో అజోకా బృందం 'ఏక్ థీ నానీ' నాటకంలో అక్కచెల్లెళ్లను మళ్లీ ఒకే స్టేజీ మీదికి తెచ్చింది. సరిహద్దుకు చెరోవైపు బతికిన ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ల కథ అది. వేషం వేరే కట్టాల్సిన పనే లేదు, సొంత బతుకే నాటకం.

2010లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 2014 జులై 10న ఢిల్లీలో కన్నుమూసింది.

మనల్ని రోజూ 'మీరు ఎటువైపు' అని అడుగుతుంటారు. జోహ్రా బతుకును ఆ ప్రశ్నలో ఇరికించండి చూద్దాం. పేరులో సగం జోహ్రా, సగం సెహగల్. తోబుట్టువు అటు, తాను ఇటు. చదివిన లాహోర్ పరాయిదేశమైంది. అయినా దేన్నీ వదులుకోలేదు. ఆమెను మినహాయింపుగా చూపించి మిగిలిన ముస్లిం ఇళ్లను చీకటి కొట్లుగా లెక్కగట్టకండి. జోహ్రా అలాంటి ఇంట్లోంచే వచ్చింది.