గౌటు ధనికుల వ్యాధియా?

కాలి బొటనవ్రేలి కీలు ఒక రాత్రి హఠాత్తుగా వాచి, ఎఱ్ఱబడి, దుప్పటి తగిలినను ఓర్వరాని బాధ కలిగించు వ్యాధికి గౌటని పేరు. ఐరోపావారు దీనిని చిరకాలము రాజుల వ్యాధి యనిరి. మన వాడుకలోని రాజరోగము క్షయ, అది వేరు. అయినను, మన ఆయుర్వేదమున గౌటును పోలిన వాతరక్తమునకు ‘ఆఢ్యవాత’ మను నామాంతరము కలదు. ఆఢ్యుడనగా ధనికుడు. సుకుమారులై, మృష్టాన్నములు భుజించి, నడక మానినవారికి ఇది కలుగునని చరకసంహిత చెప్పుచున్నది. ఇన్ని శతాబ్దులు నిలిచిన ఈ అభిప్రాయమున సత్యమెంతయో మనము విచారింతము.

దీనికి ఆధారము లేకపోలేదు. పూర్వము ఐరోపాలో మాంసమును మద్యమును నిత్యము సమృద్ధిగ సేవింపగలవారు ధనికులే. కాని వ్యాధికి మూలమేదియో రసాయనశాస్త్రము వలననే తెలిసినది. 1776లో స్వీడనులో షీలే యను శాస్త్రజ్ఞుడు మూత్రాశయపు రాళ్లలో యూరికామ్లమును కనుగొనెను. 1797లో వొలాస్టన్ గౌటు గడ్డలలో దాని లవణమును గుర్తించెను. 1848లో లండను వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ రోగుల రక్తమున అది హెచ్చుగ నుండునని చూపెను. పిమ్మట ఆయన కనిపెట్టిన పరీక్ష సులభమైనది. రక్తము గడ్డకట్టగా తేరిన ద్రవమున కొంత ఆమ్లము చేర్చి, అందొక నారపోగు నుంచినచో, ఒకటి రెండు దినములలో పోగుపై స్ఫటికములు పేరుకొనెడివి.

ఆ గారడే 1859 నాటి గ్రంథమున మఱియొక సంగతి తెలిపెను. ఆసుపత్రిలో తాను చూచిన గౌటు రోగులలో కనీసము నాల్గవవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు సీసపు విషము సోకియున్నది. వారిలో పెక్కురు గొట్టములు అమర్చువారు, రంగులు వేయువారు. రాజభోగములు వారికెక్కడివి? సీసము మూత్రపిండములను చెఱచుటచే యూరికామ్లము వెడలక రక్తమున నిలిచినది. ధనికుల వ్యాధి యను మాట ఆనాడే సడలినది.

నేడు మనకు తెలిసినదియు నిదియే. యూరికామ్లము మన దేహకణముల నుండియు, ఆహారము నుండియు పుట్టును. దానిని చాలినంతగా విసర్జింపలేని మూత్రపిండములే అధికుల విషయమున ప్రధాన కారణము. వంశగుణము అందు తోడగును. ఆహారపు పాత్రయు కలదు. అమెరికాలో 47,150 మంది పురుషులను 12 ఏండ్లు గమనించి 2004లో ప్రకటించిన పరిశోధనలో 730 మందికి గౌటు కలిగినది. మాంసము, చేపలు, రొయ్యలవంటివి హెచ్చుగ తినువారికి అపాయము పెరిగినది. పాలు, పెరుగు వాడువారికి తగ్గినది. పప్పుధాన్యముల వలన పెరిగినట్లు కానరాలేదు. మద్యములలో బీరు మిక్కిలి దోషకారి. తీపి శీతలపానీయములును అపాయకరములేయని 2008లో వెల్లడియైనది.

2020లో ప్రపంచమున సుమారు 5 కోట్ల 58 లక్షల మందికి ఈ వ్యాధి యున్నట్లు అంచనా. వీరందఱు ధనికులు కారు. పాత పేరు నమ్మినచో రెండు కీడులు కలుగును: కూలివాని వాపును బెణుకని త్రోసిపుత్తుము, రోగిని తిండిపోతని నిందింతుము. కొందఱు భయపడి పేదవాని బలమగు పప్పునే మానుదురు. రక్తమున యూరికామ్లము హెచ్చిన వారందఱికి గౌటు రాదు. వచ్చినవారికి మందులు కలవు. కావున వాచిన కాలిని చూచినప్పుడు ఆస్తి నడుగక వైద్యుని యొద్దకు పంపుట మేలని మా మనవి.