భద్రతయు స్వేచ్ఛయు

2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము దిల్‌సుఖ్‌నగరమున రెండు బాంబులు ప్రేలి పలువురి ప్రాణములను హరించెను. ఇట్టి ఘాతకులకు న్యాయవిచారణ యేల యని జనులడుగుట సహజమే. ఈ నగరచరిత్రయే దానికి సమాధానము చెప్పుచున్నది. 2007లో మక్కా మసీదు ప్రేలుడు పిమ్మట పలువురు యువకులు అనుమానముపై చెరసాల పాలై, తుదకు నిర్దోషులుగ విడుదలైరి. నిరపరాధిని చెరలోనుంచిన నగరమునకు భద్రత యెట్లు చేకూరును? అపరాధి వీధిలోనే యుండును గదా!

దిల్‌సుఖ్‌నగరపు అభియోగమున సాక్షులను విచారించి, ఉభయపక్షముల వాదములు విని, 2016లో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురకు మరణశిక్ష విధించెను. 2025లో ఉన్నత న్యాయస్థానము దానిని స్థిరపరచెను. ఆలస్యమైనను, ఆ తీర్పునకు బలము విచారణవలననే కలిగినది.

నిర్బంధితుని 24 గంటలలో న్యాయాధికారి యెదుట నిలుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణము శాసించుచున్నది. ముందుజాగ్రత్త నిర్బంధమునకును ఆ అధికరణమే తావిచ్చినది. ఆ తావు విశాలము కాకుండ కాచుకొనుటయే పౌరధర్మమని మేము తలంచుచున్నాము.