గుండె వైఫల్యంలో మధుమేహ మందులు: నంద్యాల–ఆళ్లగడ్డ ప్రాంతం

గుండె వైఫల్యం ఉన్న మధుమేహ రోగికి ఏ షుగర్ బిళ్ళ పనికొస్తుంది, ఏది కీడు చేస్తుంది అన్న విషయంలో 2005 తర్వాత వైద్యుల అభిప్రాయం బాగా మారింది. ఈ జబ్బును జనం "గుండె వీక్", "పంపింగ్ తగ్గింది", "ఒంటికి నీరు పట్టింది" అని చెప్పుకుంటారు. గుండె ఆగిపోవడం వేరు, ఇది వేరు. ఇందులో గుండె రక్తాన్ని తోయాల్సినంతగా తోయలేదు. నీరు పాదాల్లోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఎకో పరీక్షలో పంపింగ్ శాతం మామూలుగానే కనిపించినా గుండె బిగుసుకుపోయి వైఫల్యం రావచ్చు. మధుమేహుల్లో ఈ రెండో రకమూ తక్కువేమీ కాదు.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడిపోయి నంద్యాల జిల్లా ఏర్పడింది. నంద్యాలలో శాంతిరాం ప్రైవేటు వైద్య కళాశాల అంతకుముందు నుంచే ఉంది. ప్రభుత్వ వైద్య కళాశాల మాత్రం 2023 సెప్టెంబరు 15న మొదలైంది. అప్పటిదాకా ఉమ్మడి జిల్లాలో ప్రభుత్వ బోధనాసుపత్రి కర్నూలులోనే ఉండేది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40, కర్నూలు 110 కిలోమీటర్ల దూరం. షుగర్ బిళ్ళలు ఒక ఊళ్ళో, గుండె బిళ్ళలు ఇంకో ఊళ్ళో రాయించుకునే రోగికి ఈ దూరం కూడా వైద్యంలో ఒక భాగమే. ఒక చీటీ రాసినవారు రెండో చీటీ చూడకపోవచ్చు.

మధుమేహం వల్ల గుండె వైఫల్యం ముప్పు మగవారిలో రెండింతలకు పైగా, ఆడవారిలో ఐదింతలు ఉంటుందని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1974లో చూపింది. మన దగ్గరికి వస్తే తిరువనంతపురంలో 2013లో 1,205 మంది గుండె వైఫల్య రోగులను నమోదు చేశారు. వారిలో సగానికి పైగా మధుమేహులు, సగటు వయసు 61 ఏళ్ళు. పాశ్చాత్య దేశాల రోగుల కంటే ఇది దాదాపు పదేళ్ళు తక్కువ. రాయలసీమకు కేరళ లెక్కలను యథాతథంగా వర్తింపజేయలేం గానీ, అవి చూపే దిశ వేరుగా ఉంటుందని అనుకోవడానికి కారణం కనిపించదు.

ఈ రోగులకు ఇవ్వకూడని మందుల్లో మొదటిది పయోగ్లిటజోన్. ఇది మూత్రపిండాల్లో ఉప్పును పట్టి ఉంచుతుంది. ఉప్పు ఉన్నచోటే నీరూ నిలుస్తుంది. 2005లో వెలువడ్డ ప్రొయాక్టివ్ పరిశోధనలో తీవ్రమైన గుండె వైఫల్యం ఈ మందు తీసుకున్నవారిలో 6 శాతం, తీసుకోనివారిలో 4 శాతం కనిపించింది. 2007 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకూ, దీని తోబుట్టువైన రోసిగ్లిటజోన్‌కూ గుండె వైఫల్యంపై నల్లపెట్టె హెచ్చరిక పెట్టించింది. రోసిగ్లిటజోన్‌ను మన దేశం 2010లో నిషేధించింది. పయోగ్లిటజోన్ కథ వేరు. 2013 జూన్‌లో దాని అమ్మకాన్ని నిలిపివేసి, జులై చివర్లో హెచ్చరికతో మళ్ళీ అనుమతించారు. ఆ నిలిపివేతకు కారణం గుండె వైఫల్యమని కొందరు అనుకుంటారు. నిజానికి అప్పటి భయం మూత్రాశయ క్యాన్సర్ గురించి.

ఈ మందు విడిగా కంటే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌లతో కలిపిన ఒకే బిళ్ళగా ఎక్కువ వాడుకలో ఉండడం మన దేశపు చిక్కు. బిళ్ళ పేరు చివర "పీ" అనో "పీజీ" అనో ఉంటే అనుమానించవచ్చు. అన్ని పేర్లకూ ఈ గుర్తు వర్తించదు కనుక అట్ట వెనక సన్న అక్షరాలు చదవడమే మేలు. కాళ్ళవాపు వచ్చిందని నీటి బిళ్ళ మోతాదు పెంచుకుంటూ పోతూ, ఆ వాపు తెచ్చిన షుగర్ బిళ్ళను మాత్రం కొనసాగించడం ఇలాగే జరుగుతుంది.

గ్లిప్టిన్లు అనే మరో రకం షుగర్ బిళ్ళల్లో తేడాలున్నాయి. 16,492 మందితో చేసిన సేవర్ పరిశోధనలో (2013) సాక్సాగ్లిప్టిన్ గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరికలను 27 శాతం పెంచింది. సిటాగ్లిప్టిన్ (2015), లినాగ్లిప్టిన్ (2018) పరిశోధనల్లో ఆ కీడు కనబడలేదు, మేలూ కనబడలేదు. మెట్‌ఫార్మిన్‌ను ఒకప్పుడు గుండె వైఫల్యంలో నిషిద్ధంగా చూసేవారు. 2006లో అమెరికా ఆ ఆంక్ష ఎత్తేసింది. మూత్రపిండాలు బాగా దెబ్బతినకపోతే, రోగి నిలకడగా ఉంటే ఇప్పుడు వాడతారు. ఇన్సులిన్ కొంత నీటిని నిలుపుతుంది, అయినా అవసరమైనచోట తప్పదు.

అసలు మలుపు తెచ్చినవి గ్లిఫ్లోజిన్లు అనే షుగర్ బిళ్ళలు. వీటి మూలపదార్థం ఫ్లోరిజిన్. దాన్ని 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీశారు. తీసింది ఫ్రెంచివారని చాలాచోట్ల రాస్తారు గానీ, బెల్జియంకు చెందిన డి కోనింక్, స్టాస్‌లకు ఆ ఘనత ఇచ్చే కథనం ఎక్కువ నమ్మదగ్గది. ఈ మందులు మూత్రంలోకి చక్కెరను, దానితోపాటు ఉప్పును, నీటిని వదిలిస్తాయి. మూత్రానికి చీమలు పట్టడాన్ని పూర్వులు మధుమేహ లక్షణంగా చెప్పారు. ఆ లక్షణాన్నే ఇప్పుడు మందు కావాలని తెప్పిస్తోంది. కనుక ఈ బిళ్ళ వాడేవారి మూత్రపరీక్షలో చక్కెర ఎప్పుడూ కనిపిస్తుంది, బెదరనక్కర్లేదు. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరికలను 35 శాతం తగ్గించింది. 2019లో డపాగ్లిఫ్లోజిన్ పంపింగ్ తగ్గినవారిలో, షుగర్ లేకపోయినా, పనిచేసింది. 2021, 2022 పరిశోధనలు పంపింగ్ తగ్గని రకానికీ మేలు చూపాయి.

డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగింపుకు 2020 అక్టోబరు, 2023 మే అని రెండు తేదీలు కనిపిస్తాయి. రెండో పేటెంటు ఆధారంగా ఇతర కంపెనీల బిళ్ళల అమ్మకం ఆపించమని మూల కంపెనీ అడిగితే ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. కనుక మందుల షాపు లెక్కలో 2020నే పట్టించుకోవాలి. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చి 11న ముగిసింది. 60 రూపాయల దగ్గర ఉన్న బిళ్ళకు పది రూపాయల లోపు రకాలు వచ్చాయి. ఆళ్లగడ్డ రోగి విషయంలో వైద్య మార్గదర్శకాల కంటే ఈ ధర తగ్గడమే పెద్ద మార్పు అనిపిస్తుంది.

జాగ్రత్తలు ఈ ప్రాంతపు ఎండతో ముడిపడి ఉన్నాయి. నంద్యాలలో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. గుండె వైద్యులు నీళ్ళు తగ్గించమంటారు, ఈ బిళ్ళేమో నీటిని పోగొడుతుంది. అందుకే నీటి బిళ్ళ మోతాదు సరిచూడాలి. మర్మాంగాల దగ్గర శిలీంధ్రపు దురద రావచ్చు. వాంతులు, విరేచనాలు, కఠిన ఉపవాసం ఉన్న రోజుల్లో ఈ బిళ్ళ ఆపాలి, ఆపరేషనుకు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లమయం కావచ్చు. మహానందిలో శివరాత్రి ఉపవాసం ఉండేవారు, రంజాన్ రోజా పాటించేవారు ముందుగానే వైద్యుణ్ణి అడగాలి. ఊరగాయల ఉప్పు మాత్రం ఏ బిళ్ళనైనా ఓడిస్తుంది.

వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ సూది లావుగా ఉండి, పంపింగ్ తగ్గని రోగులకు మేలు చేసింది. పంపింగ్ బాగా తగ్గినవారిలో అదే జాతి లిరాగ్లుటైడ్ మేలు చూపలేదు.

నంద్యాలకో కర్నూలుకో గుండె పరీక్షకు వెళ్ళేవారు షుగర్ బిళ్ళల అట్టలను కూడా సంచిలో పెట్టుకుని వెళ్ళి, వాటిలో పయోగ్లిటజోన్ ఉందేమో ముందు చూపించుకోవాలి.