షోలాపూర్ బీడీ కార్మికుల ఇళ్ళు

షోలాపూర్ తెలుగువారి చరిత్రను మనం సాధారణంగా మగ్గంతో మొదలుపెట్టి, శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ రథోత్సవంతో ముగిస్తాం. రెండూ ముఖ్యమైనవే. అయితే తెలంగాణ నుంచి వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబాల్లో మగవారు మిల్లుల్లో, మరమగ్గాల మీద పనిచేస్తే, ఆడవారిలో చాలామంది బీడీలు చుట్టారు. కార్ఖానా ఇచ్చిన ఆకు, తంబాకు ఇంటికి తెచ్చి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి లెక్క అప్పజెప్పాలి. ఒంటిగది అద్దె ఇంట్లో పొయ్యి పక్కనే ఆకు చాట! వీరికి ఇల్లే పనిచోటు. అందుకే కూలి రేటుతోపాటు సొంత ఇల్లు కూడా వీరి పోరాటంలో ముఖ్యమైన కోరిక అయింది.

నగర శివారు కుంభారిలో 10,000 ఇళ్ళ కాలనీ ఆ పోరాట ఫలితమే. ఇంటికి కేంద్రం 20,000 రూపాయలు, రాష్ట్రం 20,000, కార్మికురాలి వాటా 20,000. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వీటిని అప్పగించారు. కాలనీకి పెట్టుకున్న పేరు మాత్రం వార్లీ ఆదివాసుల ఉద్యమ నాయకురాలు గోదూతాయి పరుళేకర్‌ది. ఆమె మరాఠీ మహిళ. ఉద్యమాన్ని నడిపిన మాజీ శాసనసభ్యుడు, తెలుగువాడైన ఆడం నర్సయ్య అక్కడి కాగితాల్లో నర్సయ్య ఆడం. (ముందుండవలసిన మన ఇంటిపేరు మరాఠీ పద్ధతిలో చివరికి జరిగింది.) కాగితాలు మరాఠీలో ఉన్నా, బీడీలు చుట్టిన చేతుల అనుభవం వినాలంటే తెలుగులోనే అడగాలి. మన విద్యార్థులకు రెండు భాషలూ వచ్చు. ఆ తరం స్త్రీలు ఇప్పుడు ముసలివారవుతున్నారు.

ఆ తర్వాత చేపట్టిన రేనగర్‌లో 15,000 ఇళ్ళు 2024 జనవరిలో అందాయి. లబ్ధిదారుల్లో మరమగ్గాల కార్మికులు, చెత్త ఏరేవారు, డ్రైవర్లు కూడా ఉన్నారు.