కృష్ణా తీరపు వజ్రపు గనులు

కృష్ణా నది దిగువ లోయలో, నేటి ఎన్.టి.ఆర్., పల్నాడు, కృష్ణా జిల్లాల పరిధిలో, గోల్కొండ సుల్తానుల కాలంలో తవ్వకాలు జరిగి తరువాత విడిచిపెట్టబడిన గనులను '''కృష్ణా తీరపు వజ్రపు గనులు''' అంటారు. వీటిలో నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న కొల్లూరు, ఉత్తరాన విజయవాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో హైదరాబాదు రహదారిపై ఉన్న పరిటాల ముఖ్యమైనవి. ప్రపంచమంతటా "గోల్కొండ వజ్రాలు" అని పేరుపొందిన రాళ్ళలో చాలావరకు గోల్కొండలో దొరికినవి కావు. గోల్కొండ రాజధాని, అంగడి మాత్రమే. రాళ్ళు కృష్ణా లోయ నుండి, రాయలసీమ నుండి అక్కడికి చేరేవి.

పేరు

ఈ గని గురించి వివరంగా వ్రాసిన ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్, దీనిని దేశభాషలో "గని" అని, పారశీకంలో "కులూర్" అని పిలుస్తారని తెలిపాడు. "గని" అనేది ఊరిపేరు కాదని, కేవలం తెలుగు మాట అని అతనికి తెలియదు. ఆ కారణంగా యూరపు పుస్తకాలలో చాలాకాలం "గని" ఒక పట్టణంగా చలామణి అయినది. ఐర్లండు భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ టావెర్నియర్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించి 1889లో ప్రచురించినపుడు, ఈ చోటు కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు అని స్పష్టం చేసాడు. పరిటాల దగ్గరి గని ఆత్కూరు గ్రామం పేరులో ఈ మాట నేటికీ నిలిచి ఉన్నది.

బాపట్ల జిల్లాలో, డెల్టా భూములలో ఉన్న కొల్లూరు వేరు. మూకాంబిక ఆలయమున్న కర్ణాటకలోని కొల్లూరు కూడా వేరు. అంతర్జాలంలో ఈ మూడింటినీ కలిపివేసిన వ్యాసాలు తరచు కనిపిస్తాయి.

భూగర్భ స్వరూపం

వజ్రాలు భూమి లోపల సుమారు 150 కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ లోతున ఏర్పడి, కింబర్లైటు, లాంప్రాయిటు అనే అగ్నిశిలల ద్వారా పైకి వస్తాయి. ఆ శిలలు అరిగిపోయినపుడు గట్టి రాయి అయిన వజ్రం మిగిలి, వాగుల వెంట, నదుల వెంట కొట్టుకొనిపోయి గులకరాళ్ళ పొరలలో చేరుతుంది. కొల్లూరు, పరిటాల గనులు ఇటువంటి గులకరాతి పొరలలో తవ్వినవే. అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతంలో కింబర్లైట్లు, కృష్ణా లోయలో జగ్గయ్యపేట ప్రాంతాన లాంప్రాయిట్లు గుర్తించబడ్డాయి. అయితే కొల్లూరు వజ్రాలకు మూలమైన శిల ఏది అన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు.

టావెర్నియర్ చూసిన కొల్లూరు

మచిలీపట్నంలోని ఇంగ్లీషు వర్తక స్థావరానికి అధికారిగా ఉన్న విలియం మెథ్‌వోల్డ్ ఈ గనులను చూసి, గోల్కొండ రాజ్యం గురించిన తన రచనలో వీటిని వర్ణించాడు. ఆ రచన 1626లో ముద్రితమైనది. టావెర్నియర్ 1645లో వచ్చాడు. గోల్కొండ నుండి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణమని, తాను వచ్చిన నాటికి గని బయటపడి సుమారు నూరేళ్ళయినదని అతడు పేర్కొన్నాడు. చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవానికి సుమారు 25 క్యారెట్ల కొనతేలిన రాయి దొరకడంతో ఈ గని కథ మొదలైనదని అక్కడివారు అతనికి చెప్పారు.

ఊరికి ఒక పక్క నది, కొంత దూరంలో అర్ధచంద్రాకారంలో కొండలు. ఈ రెంటి నడుమనున్న మైదానంలో తవ్వకాలు సాగేవి. కొండలకు దగ్గరయ్యేకొద్దీ పెద్ద రాళ్ళు దొరికేవి, కాని కొండ మీదికి ఎక్కితే ఏమీ దొరికేది కాదు. టావెర్నియర్ లెక్క ప్రకారం పనిలో సుమారు 60,000 మంది ఉండేవారు. ఈ సంఖ్యను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. మగవారు తవ్వేవారు. ఆడవారు, పిల్లలు మట్టి మోసేవారు.

పని జరిగే తీరు ఇది. తవ్వదలచిన స్థలం పక్కనే అంతే వైశాల్యం గల మరొక స్థలాన్ని చదును చేసి, చుట్టూ రెండడుగుల ఎత్తు గోడ కట్టి, గోడ అడుగున నీరు పోవడానికి కంతలు ఉంచి మూసేవారు. పని మొదలుపెట్టే ముందు అందరూ చేరి దేవతా విగ్రహానికి మొక్కేవారు. పూజారి నుదుట బొట్టు పెట్టి బియ్యపు గింజలు అంటించేవాడు. తరువాత భోజనాలు. ఆపైన 10 నుండి 14 అడుగుల లోతు వరకు తవ్వేవారు. నీరు పడిన తరువాత ఇక రాయి దొరకదని భావించి ఆపేవారు. తవ్విన మట్టిని గోడ లోపల పోసి, గోతిలో ఊరిన నీటినే దానిపై పోసి ఒకటి రెండు రోజులు నాననిచ్చేవారు. కంతలు తెరిస్తే బురద పోయి ఇసుక, గులక మిగిలేవి. ఎండిన తరువాత ధాన్యం తూర్పారబట్టినట్లు చేటలతో చెరిగి, గడ్డలను రోకళ్ళతో దంచి, మళ్ళీ చెరిగి, చివరకు వరుసగా కూర్చుని చేతులతో ఏరేవారు. చేట, రోకలి, గంప తప్ప ఇందులో వేరే యంత్రమేదీ లేదు. ఇవన్నీ రైతు ఇంటి పనిముట్లే.

కూలీల స్థితి

కూలి వివరాలు టావెర్నియర్ మరొక గని సందర్భంలో ఇచ్చాడు. గోల్కొండకు అయిదు రోజుల ప్రయాణ దూరంలోని ఆ గనిని అతడు రావోల్కొండ అన్నాడు. అక్కడ పనిలో నేర్పు గలవానికి కూడా ఏడాదికి మూడు వరహాలే దక్కేవి. అంత తక్కువ కూలి కావడంతో రాళ్ళు దాచేవారు, మింగేవారు. ఒకడు కంటి మూలలో రాయి దాచగా పట్టుబడ్డాడు. 50 మంది పనివారికి 12 నుండి 15 మంది కాపలాదారులుండేవారు. పెద్ద రాయి తెచ్చి ఇచ్చినవానికి తలపాగా గుడ్డ, అర వరహా, బియ్యం, ఒక పళ్ళెం పంచదార బహుమానంగా ఇచ్చేవారు. వర్తకులు మాత్రం తాము పెట్టుకున్న ప్రతి 50 మంది పనివారికి రోజుకు రెండు వరహాలు, నూరు మందికి నాలుగు వరహాలు రాజుకు చెల్లించేవారు. అంటే 50 మంది చేత పని చేయించుకునే హక్కుకు రాజు ఒక రోజు తీసుకున్న సొమ్ము, వారిలో ఒకని ఏడాది కూలిలో మూడింట రెండు వంతులు.

సొరంగాలు లేకపోవడం

గని అనగానే భూమి లోపలి సొరంగాలు గుర్తుకు వస్తాయి. కోలారు బంగారు గనుల వంటి చోట్ల అది నిజమే. వేల్స్ దేశంలో 1930లో మూతపడిన క్రోసర్, రోసిద్ పలకరాతి గనులు లోపల ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. సాహస యాత్రికులు తాళ్ళ సహాయంతో ఒక గనిలో దిగి, చీకటి గదులను, నీటి మడుగులను దాటి, రెండవ గని నోటి నుండి బయటికి వస్తారు. పలకరాయి గట్టి శిల కావడం వలన తవ్విన గదులు దశాబ్దాల తరువాతా నిలిచి ఉన్నాయి. అయినా పైకప్పులు కూలడం, పాత వంతెనలు కుళ్ళిపోవడం అక్కడ నిత్య ప్రమాదాలు.

కృష్ణా తీరంలో ఇటువంటి యాత్రకు అవకాశమే లేదు. ఇక్కడి వజ్రపు పొర వదులైన మట్టి, గులక. కొయ్య ఆసరాలు లేకుండా అడ్డంగా తొలిస్తే కూలిపోతుంది. కొద్ది లోతులోనే ఊట పడుతుంది. నీటిని యంత్రాలతో తోడే ఏర్పాటు లేదు, మనుషులు ఒకరి చేతి నుండి ఒకరు కుండలు అందుకొని పైకి చేర్చేవారని మెథ్‌వోల్డ్ వర్ణన వలన తెలుస్తున్నది. అందువలన తవ్వినవన్నీ పైకి తెరచిన గోతులే. ఒక గోతి అయిపోగానే పక్కన మరొకటి తవ్వేవారు. వానలకు ఒడ్డులు జారి గోతులు పూడిపోయాయి, పైన సేద్యం వచ్చినది. కోటల కింద సొరంగాల గురించి వాడుకలో ఉన్న కథలు ఈ గనులకు కూడా అంటుకున్నాయి గాని, వాటికి యాత్రికుల రచనలలో ఆధారం కనబడదు. తెలుగునాట పలకరాతికి ప్రసిద్ధమైన మార్కాపురంలో సైతం రాయిని పైనుండి తెరచిన గోతులలోనే తీస్తారు.

ప్రసిద్ధ వజ్రాలు

రీజెంట్: పరిటాల పేరు యూరపుకు తెలియడానికి ఈ రాయే కారణం. సుమారు 1698లో దొరికినదని, పరిటాలది అని కొందరు, కొల్లూరుది అని కొందరు అంటారు. ఒక బానిస కాలి గాయంలో రాయిని దాచుకొని పారిపోగా, ఓడ కప్తాను అతనిని చంపి కాజేశాడన్నది ప్రచారంలో ఉన్న కథ. చెన్నపట్నం గవర్నరు థామస్ పిట్ 410 క్యారెట్ల ఈ ముడిరాయిని జమ్‌చంద్ అనే వర్తకుని వద్ద 48,000 వరహాలకు కొన్నాడు. సానపట్టిన తరువాత సుమారు 140 క్యారెట్లు మిగిలినది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి (రీజెంట్) అయిన ఓర్లియన్స్ ప్రభువు దీనిని కొనడంతో ఆ పేరు వచ్చినది. ఇది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సొత్తు. 2025 అక్టోబరులో అక్కడ జరిగిన ఆభరణాల దోపిడీలో ఇది దొంగల పాలు కాలేదు.

గ్రేట్ మొఘల్: టావెర్నియర్ స్వయంగా కొల్లూరుదని చెప్పిన రాయి. ముడిగా 787.5 క్యారెట్లు. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా దీనిని షాజహానుకు సమర్పించాడు. సానపట్టిన వెనిస్ నగరవాసి హోర్టెన్సియో బోర్జియో రాయిని పాడుచేయడంతో కూలికి బదులు 10,000 రూపాయల జరిమానా పడినది. టావెర్నియర్ 1665లో దీనిని ఔరంగజేబు ఖజానాలో చేతికి తీసుకొని చూశాడు. తరువాత ఏమైనదో నిర్ధారణ కాలేదు.

హోప్: టావెర్నియర్ పద్నాలుగవ లూయీకి అమ్మిన నీలి వజ్రం నుండి వచ్చినది. 45.52 క్యారెట్ల ఈ రాయి 1958 నుండి అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో ఉన్నది. కొల్లూరుది అని సాధారణంగా వ్రాస్తారు. కాని దానిని ఎక్కడ కొన్నాడో టావెర్నియర్ చెప్పలేదు.

కోహినూరు: ఇది కొల్లూరులో దొరికినదని పాఠ్యపుస్తకాల వరకు వ్యాపించిన మాట. దీనికి సమకాలీన ఆధారమేదీ లేదు. పైగా ఇందులో ఒక చిక్కు ఉన్నది. బాబరు 1526లో తన కుమారుడు హుమాయూనుకు దక్కినదని వ్రాసుకున్న వజ్రమే కోహినూరు అనేవారున్నారు. టావెర్నియర్ లెక్కన కొల్లూరు గని బయటపడినది సుమారు 1545లో. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు.

నిజాం ఉంచుకున్న ఏడు గ్రామాలు

1687లో గోల్కొండ మొఘలుల వశమైనది. తరువాత ఈ ప్రాంతం నిజాం పాలనలోకి వచ్చినది. 1766లో ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ చేసుకున్న సంధిలో, వజ్రపు గనులు, వాటికి చెందిన గ్రామాలు తన స్వాధీనంలోనే ఉంటాయని నిజాం ఒక షరతు పెట్టాడు. ఆ విధంగా పరిటాల, గని ఆత్కూరు, బత్తినపాడు, మొగులూరు, కొడవటికల్లు, ఉస్తేపల్లి, మల్లవల్లి అనే ఏడు గ్రామాలు చుట్టూ ఇంగ్లీషు పాలన ఉండగా నిజాం రాజ్యంలో మిగిలిపోయాయి. వీటిలో మల్లవల్లి మిగిలినవాటికి దూరంగా, నేటి కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో ఉన్నది.

గనులు మాత్రం అప్పటికే క్షీణదశలో ఉన్నాయి. 1720ల నుండి బ్రెజిల్ వజ్రాలు యూరపు విపణికి చేరాయి. తేలికగా అందే పొరలు ఇక్కడ అయిపోయాయి. 1860ల చివరి నుండి దక్షిణాఫ్రికా రాళ్ళు రావడంతో ఈ గనులను మళ్ళీ తెరిచే ఆలోచనకు విలువ లేకుండా పోయినది. వజ్రాలు పోయినా షరతు పోలేదు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినపుడు ఈ గ్రామాల ప్రజలు మరొకమారు నిజాం పౌరులుగా మిగిలారు. వారు నిజాం అధికారాన్ని తిరస్కరించి పరిటాల కేంద్రంగా స్వతంత్ర పాలన ప్రకటించుకున్నారు. దీనిని "పరిటాల రిపబ్లిక్" అంటారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత ఇవి కృష్ణా జిల్లాలో విలీనమయ్యాయి. రెండు శతాబ్దాల కిందటి గోతుల కోసం గీసిన సరిహద్దు, రాయి దొరకని కాలంలో ఏడు ఊళ్ళ రాజకీయ భవిష్యత్తును నిర్ణయించడం ఈ గనుల చరిత్రలో అన్నిటికంటే విచిత్రమైన విషయం.

ముంపు

కృష్ణా డెల్టా సాగునీటి స్థిరీకరణ కొరకు పులిచింతల వద్ద 45.77 టి.ఎం.సి. సామర్థ్యంతో నిర్మించిన ప్రాజెక్టుకు 2004లో శంకుస్థాపన జరిగినది, 2013 డిసెంబరులో జాతికి అంకితం చేయబడినది. ఈ జలాశయానికి డా. కె.ఎల్.రావు సాగర్ అని పేరు. కొల్లూరు గ్రామం, పాత గనుల ప్రదేశం ముంపులో చేరాయి. ప్రజలు పునరావాస కాలనీలకు తరలివెళ్ళారు. 2021 ఆగస్టు 5న ఒక గేటు కొట్టుకొనిపోయినపుడు మరమ్మత్తు కోసం జలాశయపు నీటిని దిగువకు వదలవలసి వచ్చినది. నీటిమట్టం బాగా తగ్గిన సందర్భాలలో ముంపు భూములు కొంతవరకు బయటపడతాయి. డెల్టా రైతుకు ఈ నీరు రెండు కార్ల పంట. తవ్వకాల స్థలాన్ని శాస్త్రీయంగా పరిశీలించాలనుకునేవారికి అదే నీరు అడ్డంకి.

సందర్శన

పరిటాలలో చూడవలసినవి అంటే సందర్శకులకు 2003లో ప్రతిష్ఠించిన 135 అడుగుల వీర అభయ ఆంజనేయ విగ్రహమే గుర్తుకు వస్తుంది. గనుల జాడ తెలిసినవారి సహాయం లేకుండా గుర్తుపట్టడం కష్టం. ఎన్.టి.ఆర్. జిల్లా చందర్లపాడు మండలంలోని గుడిమెట్ల వద్ద వానాకాలంలో కృష్ణ ఒడ్డు గుట్టలలో వజ్రాల కోసం జనం వెతకడం కనిపిస్తుంది. తొలకరికి రాయలసీమలో జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాలలోనూ ఇదే దృశ్యం. వాన నేలపై మట్టిని కడిగివేస్తే రాయి పైకి తేలుతుందన్న నమ్మకం దీనికి మూలం. కొల్లూరు కూలీలు గోడ కట్టి నీరు పోసి చేసిన పని కూడా ఇదే. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజాల కోసం తవ్వడం నేరం.