మురుంసిల్లి నీళ్ల మీద

విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయ్యాక మా తాతగారు కొలువు వెతుక్కుంటూ రాయపూర్ వచ్చారు. మోదుగలు రాలి ఇప్పచెట్లు పూతకొచ్చే రోజుల్లో ధమ్తరి దాటి మురుంసిల్లి జలాశయానికి వెళ్లడం ఆయన పెట్టిన అలవాటే.

ఈ వసంతంలో ఒక పెద్దాయన తన డోంగాలో ఎక్కించుకున్నాడు. "కకా, కాస్త మెల్లగా" అన్నాను. తెడ్డు పైకెత్తకుండా నీళ్లలోనే పక్కకి తిప్పుతూ నడిపాడు, చప్పుడే లేదు. మోడు మీద నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటోంది; మేం దగ్గరికొచ్చినా కదల్లేదు. బురదలో నత్తగుల్ల కొంగ ఓపిగ్గా వెతుక్కుంటోంది.

ఇది మనుషులు కట్టుకున్న సరస్సు. 1899-1900 నాటి కరువు ఛత్తీస్‌గఢ్‌ని కుదిపేశాక, వాననే నమ్ముకున్న వరిపొలాలకు కాలువనీరు ఇవ్వాలని ఆంగ్ల ప్రభుత్వం పూనుకుంది. రుద్రి దగ్గర మహానదికి ఆనకట్ట వేశారు, ఇక్కడ సిల్లారి నదిని ఆపారు. 1914లో మొదలైన పని 1923కి ముగిసింది. అదనపు నీరు పోవడానికి గేట్లు ఎత్తే పనిలేదు. మట్టం దాటగానే సైఫన్లు వాటంతటవే నీటిని పీల్చి అవతలికి వదులుతాయి, మట్టం తగ్గి గాలి చొరబడగానే ఆగిపోతాయి. అర్ధరాత్రి జడివానలోనూ మనిషి అక్కర్లేదు. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

గట్టు లేస్తుండగానే కాలువ కింద గొడవ రేగింది. నీటికోసం పదేళ్ల ఒప్పందం రాయమని అధికారులు కందేల్ అనే ఊరి రైతుల్ని ఒత్తిడి చేశారు. ఆ డబ్బుతో ఊరికో చెరువే తవ్వుకోవచ్చని రైతుల లెక్క, రాయలేదు. 1920 వానల్లో కాలువనీరు పొలాల్లో కనబడగానే దొంగతనమని ఊరంతటికీ నాలుగువేల పైచిలుకు రూపాయల జుల్మానా వేశారు. కట్టకపోతే పశువుల్ని జప్తు చేసి సంతసంతకీ తిప్పి వేలం పెట్టారు. కారుచవగ్గా ఎడ్లు దొరుకుతున్నా ఒక్క రైతూ పాట పాడలేదు. పొరుగూరివాడి ఎద్దును అలా కొనకూడదని చదువురాని సంతలకు తెలిసింది! రైతులకు అండగా నిలిచిన నాయకుడు సుందర్‌లాల్ శర్మ గాంధీజీని పిలవడానికి కలకత్తా వెళ్లారు. చివరికి సర్కారే దిగొచ్చి జుల్మానా రద్దు చేసింది.

ఆ పోరాటం నడిపిన బాబూ ఛోటేలాల్ శ్రీవాస్తవ పేరే తర్వాత ఈ జలాశయానికి పెట్టారు. అందరి నోటా మురుంసిల్లే, నా నోటా అంతే. పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం ఆ రెండో పేరూ, కొనేవాడు లేని ఆ వేలం సంగతీ చెప్పాకే గట్టు దిగనిస్తాను.